నేను కోసేసిన ‘ఊ’లు

2019 ఫిబ్రవరి. అప్పటికి బెజవాడ గవర్నర్‌పేటలో నేను షాపు పెట్టి పద్నాలుగేళ్ళు. షాపంటే పెద్దదేం కాదు, ఒక లాడ్జి మెట్ల కింద గది. ముందు వైపు మైక్ సెట్లు అద్దెకిస్తాను. వెనక ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు. భజనలు, ప్రవచనాలు, పెళ్ళిళ్ళలో పాటలు రికార్డు చేసి, శుభ్రం చేసి పెన్‌డ్రైవులో వేసి ఇవ్వడం నా పని. ఈ శుభ్రం చేయడాన్నే ఎడిటింగ్ అంటాం. చెప్పే ఆయన దగ్గితే దగ్గు తీసేస్తాం, తడబడితే తడబాటు తీసేస్తాం. కంప్యూటరు తెర మీద మనిషి గొంతు కొండలూ లోయలుగా కనపడుతుంది. దాన్ని వేవ్‌ఫామ్ అంటారు. ఏ కొండ ఏ మాటో వినకుండా చూసే చెప్పగలను. అయిదో తరగతితో చదువు ఆగిపోయినా ఈ గీతలు మాత్రం బాగా చదువుతానని నాకు గర్వంగా ఉండేది.

రాయడం నాకు కొత్త. నా తప్పు నేనే రాసుకోవడం ఇంకా కొత్త. ఎక్కడైనా అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

జ్యోతి మేడమ్ అని ఒక లెక్చరర్ ఉన్నారు. ఆవిడ పాత కథలు పోగుచేసేవారు. పుస్తకాల్లోవి కాదు, ఇళ్ళల్లో నోటితో చెప్పుకునేవి. రైతుల ఇళ్ళల్లో ఏం చెప్పుకుంటారు, ముస్లిం ఇళ్ళల్లో ఏం చెప్పుకుంటారు, ఉయ్యూరు వైపు చెరుకు నరకడానికి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు ఏం చెప్పుకుంటారు, అన్నీ ఆవిడకి కావాలి. ఒకే కథ ఇల్లు మారితే ఎలా మారిపోతుందో చూడాలని ఆవిడ తపన. రికార్డింగు పని నాకిచ్చారు. నాలుగైదు ఊళ్ళు ఆవిడతో కలిసి తిరిగాను. పామర్రు వెళ్ళాల్సిన రోజున మాత్రం ఆవిడకి పరీక్షల డ్యూటీ పడింది.

“మీరొక్కరే వెళ్ళొచ్చేయండి శ్రీనుగారూ. వాళ్ళు ఎలా చెబితే అలాగే కావాలి నాకు. ఏదీ మార్చకండి” అన్నారు ఫోన్లో.

“అలాగేనండీ. క్లీన్‌గా ఇస్తాను” అన్నాను.

ఆవిడ అడిగింది ఒకటి, నేను ఒప్పుకుంది ఇంకొకటి. అది నాకు అప్పుడు తెలియలేదు.

పామర్రులో కథ చెప్పే ఆవిడ ఖాతూన్‌బీ గారు. డెబ్భై దాటి ఉంటాయి. వాళ్ళది పరుపులు, బొంతలు కుట్టే కుటుంబం. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారు. కథలు ఆవిడకి బందరులో ఉండే నాయనమ్మ దగ్గర నుంచి వచ్చాయట. నేను వెళ్ళేసరికి ఇంకొక పెద్దావిడ కూడా వసారాలో కూర్చుని చేటలో మినుములు బాగుచేస్తున్నారు. ఆవిడ నాంచారమ్మ గారు, రెండిళ్ళ అవతల ఉండే రైతుల ఆవిడ. ఒకరు బొంత కుడుతుంటే ఒకరు మినుములో పెసరో ముందేసుకుని, నలభై ఏళ్ళుగా ఆ వసారాలోనే కథలు చెప్పుకుంటున్నారని ఖాతూన్‌బీ గారి కోడలు రజియా చెప్పింది. ఈవిడ కథలు ఆవిడకీ, ఆవిడ కథలు ఈవిడకీ వచ్చేశాయట.

నేను కాలర్ మైకు తీశాను. చొక్కాకో చీరకో తగిలించే చిన్న మైకది. ఖాతూన్‌బీ గారికి తగిలిస్తుంటే ఆవిడ ఇబ్బందిగా చూశారు.

“ఎండ ఉండగా చెప్పకూడదు బాబూ. పగలు కథ చెబితే మామూ, అదే మేనమామ, దారి తప్పుతాడంటారు మాలో.”

నాంచారమ్మ గారు చేట దించకుండానే అన్నారు. “మీ మామూ పోయి ముప్పై ఏళ్ళయింది కదే. ఇంకెక్కడికి తప్పుతాడు? సమాధిలో నుంచి లేచి బెజవాడ బస్సెక్కుతాడా?”

“నీ నోట్లో మినుములు పడ! చచ్చినోళ్ళ మీదా నీ జోకులు?”

“చచ్చినోళ్ళకి అడ్డు చెప్పే పని ఉండదు గదా, అందుకని. చెప్పవే, ఆ అబ్బాయి మళ్ళీ బస్సు పట్టుకోవాలి.”

ఖాతూన్‌బీ గారు నవ్వి మొదలుపెట్టారు. నీడ అప్పిచ్చిన ఆవిడ కథ. బందరు నుంచి ఉప్పుబుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే ఒక ఆవిడ ఉంది. ఎండలో నడుస్తుంటే ఒక జిన్ను, అంటే భూతం, ఎదురొచ్చి, నాకు ఎండ తగులుతోంది, నీ నీడ కాసేపు అప్పిస్తావా అని అడిగాడు. జాలిపడి ఇచ్చింది. వాడు నీడ చుట్టచుట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళితే నీడ లేని మనిషిని కన్నబిడ్డలు కూడా గుర్తుపట్టలేదు. ఎవరమ్మా నువ్వు అని తలుపేసేశారు.

ఇదంతా చెబుతుంటే ప్రతి మాట చివరా నాంచారమ్మ గారు “ఊ” అంటున్నారు. ఇద్దరూ దగ్గర దగ్గరగా కూర్చోవడం వల్ల ఆ ఊ కూడా మైకులో పడిపోతోంది. నా హెడ్‌ఫోన్లో అది పంటి కింద రాయిలా తగులుతోంది. ఆపేశాను.

“అమ్మా, మీరు కాస్త ఊ అనకుండా ఉంటారా?” అన్నాను నాంచారమ్మ గారితో.

“అంటే ఏవవుద్ది? నీ మిషను పాడైపోద్దా?”

“పాడవదండీ. సౌండు కలిసిపోతుంది.”

“సరేలే. నోటికి తాళం.” చేతితో పెదాల మీద తాళం తిప్పినట్టు తిప్పి, తాళం చెవి ఖాతూన్‌బీ గారి చేతిలో పెట్టినట్టు పెట్టారు.

మళ్ళీ మొదలయింది. నాలుగు ముక్కలు చెప్పి ఖాతూన్‌బీ గారు ఆగిపోయారు. మళ్ళీ చెప్పారు, మళ్ళీ ఆగారు. అప్పటిదాకా కాలవలా వచ్చిన కథ చుక్కలు చుక్కలుగా పడుతోంది.

“రావట్లేదు బాబూ. గోడకి చెప్పినట్టుంది. దాన్ని అననియ్యి” అన్నారు.

తప్పక ఒప్పుకున్నాను. ఏముందిలే, షాపుకెళ్ళాక కోసేస్తాను అనుకున్నాను. ఇంకెవరైనా అయితే తెలియక చేశామని చెప్పుకోవచ్చు గానీ నాకు ఆ వీలు లేదు. ఊ లేకపోతే కథ రాదని నా కళ్ళతో చూసి కూడా ఆ పని చేశాను.

మర్నాడు షాపులో కూర్చుని కోశాను. నాలుగు వందల పైచిలుకు ఊలు. ఒక్కొక్క దాన్నీ పట్టుకుని, రెండు పక్కలా గీత పెట్టి, తీసి, ఆ ఖాళీ కనపడకుండా అటు మాటనీ ఇటు మాటనీ అతికించాను. రెండు రోజులు పట్టింది. అయ్యాక వింటే ఖాతూన్‌బీ గారు ఒక్కరే గదిలో కూర్చుని చెబుతున్నట్టు ఎంత నున్నగా ఉందో! మా ఆవిడని పిలిచి వినిపించాను. “రేడియోలో లాగా ఉందండీ” అంది. పొంగిపోయాను.

మా పనిలో రా ఫైల్ అని ఒకటుంటుంది. కత్తి పడకముందు ఉన్న అసలు రికార్డింగు. దాన్ని దాచుకోవాలి, ఇది అందరికీ తెలిసిందే. నేను కంప్యూటరులో ఉన్న దాని మీదే కోసి, దాని మీదే సేవ్ చేసేశాను. ఇంకొకటి రికార్డరు కార్డులో ఉంది. ఆ వారంలోనే ఉయ్యూరులో పెళ్ళి ఉంటే కార్డు ఖాళీ చేసి అక్కడికి పట్టుకెళ్ళాను. అందులో దాచాల్సింది ఏదో ఉందని నాకు తోస్తేగా.

మేడమ్ గారు విన్నారు. మెచ్చుకున్నారు. తర్వాత అడిగారు. “పక్కన వినే ఆవిడ ఎవరూ లేరా శ్రీనుగారూ? కథ వినేవాళ్ళు ఊ కొడతారు కదా. ఉర్దూ వాళ్ళ ఇళ్ళల్లో అయితే హూఁ అంటారు. ఎక్కడికెళ్ళినా కథకి ఇది ఉంటుంది, అది కూడా నాకు కావాలి.”

“ఉన్నారండీ. మైకుకి దూరంగా కూర్చున్నారు. పడలేదు” అన్నాను. అది మొదటి అబద్ధం. తర్వాత కాలేజీలో సభ పెట్టి కథలు వినిపించారు. సౌండు చాలా బాగుందని చప్పట్లు కొట్టి నాకు శాలువా కప్పారు. పామర్రు వాళ్ళకి ఒక కాపీ ఇచ్చి రావాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు రజియా ఫోన్ చేసింది. “మా అత్తమ్మ మీతో మాట్లాడతదంటండీ” అని ఇచ్చింది.

“అబ్బాయ్, నేను ఖాతూన్‌బీని. గుర్తున్నానా? నాంచారక్క పోయింది నాయనా. నెలయింది.”

“అయ్యో...”

“ఫోటోలున్నాయి, అయ్యి కాదు నాక్కావాల్సింది. దాని ఊ నీ మిషన్లో ఉంది గదా. అదొకసారి వినిపిస్తావా? వసారాలో కూర్చుంటే చెవులు బావురుమంటన్నాయి. కథ నోటిదాకా వచ్చి ఆగిపోతంది.”

లేదమ్మా, నేను తీసేశాను అని అప్పుడే చెప్పాల్సింది. నా నోట్లో నుంచి వచ్చింది వేరు. “అలాగేనండీ. తీసుకొస్తాను.”

ఆ వారమంతా కంప్యూటరు మొత్తం వెతికాను. పాత హార్డ్‌డిస్కులు విప్పాను. చెరిపిన ఫైళ్ళు తిరిగి తెచ్చే వాళ్ళ దగ్గరికి కార్డు తీసుకెళితే, దాని మీద మూడేళ్ళ పెళ్ళిళ్ళు పడి ఉన్నాయి, ఇంక రాదు అన్నారు. అప్పుడు ఒక బుద్ధి పుట్టింది. రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ రాస్తాను.

మా అత్తగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడదీ ఆ వయసే, గుడివాడ వైపు గొంతు. షాపుకి తీసుకెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టాను.

“ఊ అనండి అత్తయ్యా.”

“దేనికి?”

“ఊరికే. మైకు టెస్టింగు.”

“ఊ అనడానిక్కూడా మైకేంటి అల్లుడూ! పెళ్ళయినకాడి నుంచీ మీ మావకి ఊ కొడతానే ఉన్నా, ఆయనొక్కనాడు మైకు పెట్టలా” అని నవ్వి, రకరకాలుగా ఇరవై ఊలు అన్నారు.

మా ఆవిడకి విషయం తెలుసు. “తప్పు కదండీ?” అంది. “ముసలావిడ సంతోషపడుతుంది, అందులో తప్పేంటి?” అన్నాను. నాకు తెలిసిన పనితనమంతా దాని మీదే పెట్టాను. మాటలు విడదీసి ఖాళీలు చేశాను. ఇరవై ఊలనీ మార్చి మార్చి అతికించాను. కొంచెం దూరం నుంచి వచ్చినట్టు, వసారాలో అన్నట్టు వినపడేలా సరిచేశాను. నాకే తేడా తెలియలేదు.

పామర్రు వెళ్ళేసరికి ఖాతూన్‌బీ గారు సాయంత్రం నమాజు ముగించుకుని మంచం మీద కూర్చున్నారు. నాంచారమ్మ గారు కూర్చునే చోట చాప పరిచి ఉంది. అక్కడ ఎవరూ లేరు. నేను చిన్న స్పీకరు తెచ్చి ఆ చాప మీదే పెట్టాను. రజియా కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది.

మొదటి ఊ రాగానే ఆవిడ ముఖం వెలిగింది. స్పీకరు వైపు వంగారు. రెండో ఊ, మూడో ఊ. ఆవిడ నెమ్మదిగా వెనక్కి జరిగారు. ఉప్పావిడని పిల్లలు గుర్తుపట్టక తలుపేసుకునే చోటు వచ్చింది. అక్కడ కూడా ఊ వినపడింది.

“ఆపు బాబూ.”

ఆపాను.

“ఎవరిదిది?”

“నాంచారమ్మ గారిదేనండీ.” ఇంకా అబద్ధమే.

ఆవిడ కోప్పడలేదు. పిల్లవాడికి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. “ఈడ అది ఊ అనదు నాయనా. తలుపేసేశారు అనంగానే దానికి నోరు పెగలదు. నేనే ‘అక్కా, ఉన్నావా’ అనడుగుతా. అప్పుడు ముక్కు చీదుకుని ఊ అంటది. జిన్ను వచ్చేకాడ పొట్టి ఊ. వాడు తియ్యగా మాట్లాడేకాడ, నమ్మమాకే అన్నట్టు సాగదీసి ఊ. ఈవిడెవరో పాపం బానే అంటంది గానీ, కథ వినట్లేదు.”

అక్కడే, ఆ చాప పక్కనే కూర్చుని మొత్తం చెప్పేశాను. కోసింది, చెరిపింది, మా అత్తగారి గొంతు అతికించింది. రజియా “అయ్యో, ఇదేం పనండీ!” అంది. ఖాతూన్‌బీ గారు చెయ్యెత్తి కోడల్ని ఆపారు.

“ఎందుకు తీసేశావు బాబూ? దాని గొంతు బాలేదా?”

“బాగోలేక కాదండీ. కథకి అడ్డమనుకున్నాను.”

ఆవిడ చాప వంక చూశారు. “అది అడ్డమైతే, ఇన్నేళ్ళూ నేను ఎవరికి చెప్పానంటావు?” అన్నారు. తర్వాత రజియా వైపు తిరిగి, “టీ పెట్టమ్మా. ఎండన పడొచ్చాడు” అన్నారు. ఆ టీ తాగి బస్సెక్కాను.

తిరిగొచ్చాక అబద్ధపు ఫైలు చెరిపేసి, పాత నున్నటి ఫైలు పెట్టుకున్నాను. మా పనిలో ఒక చిక్కు ఉంది. ఒకరు మాట ముగించాక ఇంకొకరు మాట్లాడితే మధ్యలో కత్తి దూరుతుంది. ఇద్దరి గొంతులూ ఒకేసారి పడితే మాత్రం విడదీయలేం, ఒకరిది కోస్తే రెండోవారి మాట కూడా తెగిపోతుంది. అలాంటి చోటు ఎక్కడైనా ఉందేమోనని మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు షాపు తలుపు చేరవేసి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. రోజుకి కొంచెం. వేవ్‌ఫామ్ చూడలేదు. కళ్ళు మూసుకుని చెవులతోనే విన్నాను. ఆ కథ నేను మొదటిసారి విన్నది అప్పుడే అనాలి. ఉప్పావిడ బిడ్డల తలుపు ముందు నిలబడ్డ చోట నాకూ నోరు పెగలలేదు.

నాలుగో రోజున దొరికింది. నీడ లేని ఆవిడ జిన్నుని వెతుక్కుంటూ వెళ్ళింది. వాడి దగ్గర ఒక గోనెసంచి ఉంది, దాన్నిండా జనం నీడలు. సంచి మూతి విప్పాడు అనే చోట, ‘విప్పాడు’ ఇంకా పూర్తి కాకముందే, దాని అడుగున చిన్నగా ఒక ఊ. ఆత్రం పట్టలేక ముందే అనేశారు నాంచారమ్మ గారు. సెకను కూడా లేదు. మళ్ళీ మళ్ళీ విన్నాను. అది ఆవిడదే. సౌండు పెంచుదామా, ఇంకాస్త తేటగా చేద్దామా అని చెయ్యి మౌసు మీదకి వెళ్ళింది. తీసేసుకున్నాను.

మర్నాడు ఆ ముక్క ఫోన్లో వేసుకుని పామర్రు బస్సెక్కాను. రజియా నన్ను చూసి పలకరించలేదు. ఖాతూన్‌బీ గారు “మళ్ళీ ఏం తెచ్చావబ్బాయ్?” అన్నారు. అందులో ఆశ లేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించాను.

“నా గొంతే గదా ఇది.”

“ఇంకొకసారి వినండమ్మా. విప్పాడు అనే మాట కింద.”

రెండోసారీ తల అడ్డంగా ఊపారు, వినపడలేదని. మూడోసారికి ఆవిడ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

“అదిగో! అదిగోనే రజియా! ఆగలా చూడు. సంచి అంటే చాలు, ఆగదు. నన్ను చెప్పనియ్యదు. ఎన్నిసార్లు తిట్టానో, ఉండవే, నీడలన్నీ నీ ఒళ్ళో పడవు అని.” నవ్వుతున్నారు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. “మళ్ళీ పెట్టు.”

పెట్టాను. ఇంకా పెట్టమన్నారు. అలా ఎన్నిసార్లో. ఆఖరికి నా తల మీద చెయ్యి పెట్టి, “నా కోసం ఇదొక్కటన్నా దాచిపెట్టావు నాయనా. అల్లా నిన్ను చల్లగా చూడాలి” అన్నారు.

“దాచింది కాదమ్మా. కొయ్యడం చేతకాక మిగిలిపోయింది” అన్నాను.

ఆవిడ చెవిలో ఇంకా ఇయర్‌ఫోన్ ఉంది. వినపడలేదు. ఇంకొకసారి గట్టిగా చెప్పొచ్చు. నేను చెప్పలేదు. ఆ దీవెన తీసుకుని బస్సెక్కి వచ్చేశాను.

ఇప్పుడు రా ఫైలు రెండు చోట్ల దాస్తాను, అది ఎవరైనా చెప్పే జాగ్రత్తే. పామర్రు నాకు నేర్పింది వేరు. శుభ్రం చేసేవాడికి ఏది మురికో తెలియాలి. నాకు తెలియలేదు, అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు ఎక్కడ కథ రికార్డు చేసినా చెప్పేవాళ్ళకి ఒక మైకు, ఊ కొట్టేవాళ్ళకి ఒక మైకు పెడుతున్నాను. రెండోది తగిలించందే ఎందుకు మొదలుపెట్టరని ఆమధ్య జ్యోతి మేడమ్ గారు అడిగారు. “అలవాటండీ” అన్నాను.

అలవాటు కాదు మేడమ్ గారూ. ఇదీ సంగతి.